సైట్ ఆగిపోయిన సంగతి ముందు మనకు తెలియాలంటే: అప్‌టైమ్ మానిటరింగ్ సేవలు, వాటి ఖర్చు

విజయవాడలో చిన్న వ్యాపారుల వెబ్‌సైట్ల బాగోగులు చూసే సంస్థ మాది. పచ్చళ్ల దుకాణం, కోచింగ్ సెంటర్, డయాగ్నస్టిక్ కేంద్రాలు, ట్రావెల్స్, ఇలా ముప్పైకి దగ్గరగా సైట్లు మా చేతిలో ఉన్నాయి. వీటిలో ఏది ఆగిపోయినా, యజమాని ఫోన్ చేసి "సైట్ ఓపెన్ అవ్వట్లేదండీ" అనే లోపే మాకు తెలియాలి. ఆ పని చేసిపెట్టే సేవలు ఉచితం మొదలుకొని నెలకు వందల డాలర్ల దాకా దొరుకుతున్నాయి. మేము వాడి మానినవాటినీ, ఇప్పటికీ వాడుతున్నవాటినీ బేరీజు వేసుకుంటే నాకు తేలింది ఇది: ధరల పట్టికలో పెద్ద అక్షరాలతో కనిపించే మానిటర్ల (ఒక్కో మానిటర్ ఒక్కో సైట్‌ను చూస్తుంది) సంఖ్యకూ, ఎన్ని సెకన్లకోసారి చూస్తారన్న లెక్కకూ డబ్బు పోయనక్కరలేదు. వచ్చిన అలర్ట్ నిజమైనదేనా, అది అర్ధరాత్రి మనిషిని లేపగలదా అన్న రెండింటికి మాత్రం పెట్టి తీరాలి.

ముందుగా ఆ సెకన్ల లెక్క సంగతి చూద్దాం. ఉచిత ప్లాన్‌లో చాలామంది 5 నిమిషాలకోసారి చూస్తారు. డబ్బు కడితే నిమిషానికోసారి, ఇంకా ఎక్కువ కడితే 30 సెకన్లకోసారి చూస్తారు. 5 నిమిషాల చెక్‌లో సైట్ పడిపోయిన విషయం సగటున రెండున్నర నిమిషాలకు, మరీ ఆలస్యమైతే 5 నిమిషాలకు బయటపడుతుంది. నిమిషం చెక్‌లో అది సగటున అర నిమిషానికే తెలుస్తుంది. అంటే అదనపు డబ్బుతో మనం కొనుక్కుంటున్నది సగటున రెండు నిమిషాలు. రాత్రిపూట నిద్ర లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, సర్వర్‌లోకి లాగిన్ అయ్యేసరికి ఎవరికైనా పది, పదిహేను నిమిషాలు పడుతుంది కాబట్టి చిన్న సైట్లకు ఆ రెండు నిమిషాల వల్ల ఒరిగేది తక్కువ. అయితే హోస్టింగ్ కంపెనీతో 99.9 శాతం అప్‌టైమ్ (సైట్ నడిచే సమయం) ఒప్పందం ఉండి, దాన్ని లెక్కగట్టి పరిహారం అడగాలనుకునేవారికి ఈ వాదన వర్తించదు. 99.9 శాతం అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాల ఆగుదలకు అనుమతి ఉందన్నమాట. 5 నిమిషాల చెక్ నెలకు 8,640 సార్లు మాత్రమే తలుపు తడుతుంది. రెండు చెక్‌ల మధ్య మూడు నిమిషాలు పడిపోయి లేచిన సైట్‌కు కూడా అది నూటికి నూరు మార్కులు వేసేస్తుంది. అలాంటి లెక్కతో హోస్టింగ్‌వాళ్లతో వాదనకు దిగితే నిలబడలేం.

ఇక ఒక్కో సేవ దగ్గరికి వస్తే, ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టే వారందరికీ మొదట వినిపించే పేరు అప్‌టైమ్‌రోబో. 2010 నుంచి నడుస్తున్న ఈ సేవకు అంత పేరు రావడానికి కారణం 50 మానిటర్లను 5 నిమిషాలకోసారి ఉచితంగా చూసిపెట్టడమే. ఖాతా తెరిచి, చిరునామా అతికించి, ఈమెయిల్ ఇస్తే రెండు నిమిషాల్లో పని మొదలవుతుంది. అంత సులువైన సేవ మరొకటి నాకు కనబడలేదు. అయితే చాలామంది గమనించని మార్పు ఒకటి ఉంది: 2024 చివరి నుంచి ఉచిత ప్లాన్‌ను వ్యక్తిగత, వ్యాపారేతర అవసరాలకే పరిమితం చేశారు. క్లయింట్ల దగ్గర డబ్బు తీసుకుంటూ వారి సైట్లను ఉచిత ఖాతాలో పెట్టుకోవడం ఇప్పుడు నిబంధనలకు విరుద్ధం. మన దగ్గర ఫ్రీలాన్సర్లు చాలామంది ఇంకా అలాగే నడిపిస్తున్నారు. ఏదో ఒక రోజు ఖాతా ఆగిపోతే అది కూడా వారికి తెలియకుండానే ఆగిపోతుంది. డబ్బు కట్టే ప్లాన్ 10 మానిటర్లకు నెలకు సుమారు 8 డాలర్ల దగ్గర మొదలవుతుంది, నిమిషానికోసారి చూస్తుంది. 10 సైట్లున్న వారికి సైట్‌కు నెలకు డెబ్బై రూపాయల చొప్పున పడుతుంది కాబట్టి ఇది గిట్టుబాటు ధరే.

పింగ్‌డమ్ పాత కాపు. స్వీడన్‌లో 2007లో పుట్టి, 2014లో సోలార్‌విండ్స్ చేతికి వెళ్లింది. ప్రపంచమంతటా 100కు పైగా చోట్ల నుంచి చూస్తుంది, నివేదికలు ముచ్చటగా ఉంటాయి, కొనుగోలు పేజీలో ఒక్కో మెట్టూ ఎక్కి చూసే ట్రాన్సాక్షన్ చెక్ కూడా ఉంది. కానీ ఉచిత ప్లాన్ ఎత్తేశారు, సైట్లు పెరిగేకొద్దీ ధర మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. పెద్ద సంస్థలో నెలనెలా పైవాళ్లకు నివేదిక చూపించాల్సిన మేనేజరుకు ఇది నచ్చుతుంది గాని, మాలాంటి వాళ్లకు అవసరానికి మించిన సరంజామా. బ్రిటన్‌కు చెందిన స్టేటస్‌కేక్ 10 మానిటర్లు ఉచితంగా ఇస్తుంది; పనిలో వంక పెట్టడానికేమీ లేదు, ప్రత్యేకంగా మెచ్చుకోవడానికీ ఏమీ లేదు.

మన దేశపు సేవ కావాలనుకునే వారికి జోహో సంస్థవారి సైట్24×7 ఉంది. దీనికి నేను మార్కులు వేసేది ఫీచర్లను బట్టి కాదు, బిల్లును బట్టి: రూపాయల్లో చెల్లించవచ్చు, జీఎస్టీ ఇన్‌వాయిస్ సక్రమంగా వస్తుంది. ఫీచర్లు మాత్రం కుప్పలు తెప్పలు. వెబ్‌సైట్, సర్వర్, నెట్‌వర్క్, అప్లికేషన్ అన్నీ ఒకే గూట్లో ఉండడంతో, కేవలం సైట్ నడుస్తోందా లేదా అని చూసుకోవాలనుకున్నవాడు మెనూల్లో తప్పిపోతాడు. పది మంది ఉన్న ఐటీ విభాగానికి ఇది సరైన ఎంపికే.

ఎక్కువసేపు ఆగి చూడదగింది బెటర్ స్టాక్. మొదట్లో దీని పేరు బెటర్ అప్‌టైమ్. ఉచిత ప్లాన్‌లో 10 మానిటర్లను 3 నిమిషాలకోసారి చూస్తుంది. దీని అసలు బలం ఆ తర్వాతి పనిలో ఉంది: సైట్ పడిపోతే అది మనకు ఫోన్ చేస్తుంది. ఎత్తకపోతే, లేదా 'చూసుకుంటున్నాను' అన్న బటన్ నొక్కకపోతే, మనం పెట్టిన వరుసలో తర్వాతి మనిషికి చేస్తుంది. ఈ వారం రాత్రులు ఎవరి వంతో, పండగ రోజున ఎవరు చూసుకుంటారో క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవచ్చు. సైట్ పడిపోయిన క్షణంలో తెర ఎలా కనిపించిందో స్క్రీన్‌షాట్ తీసి పెడుతుంది. పొద్దున యజమానికి సంజాయిషీ చెప్పేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. దీనికి చెల్లించేది సైట్ల లెక్కన కాదు, ఫోన్ అందుకునే మనుషుల లెక్కన. ఒక్కొక్కరికి నెలకు సుమారు 30 డాలర్లు. మొదట చూసినప్పుడు ఇది ఎక్కువే అనిపిస్తుంది. ముగ్గురుంటే నెలకు 90 డాలర్లు, అంటే ఒక జూనియర్ జీతంలో చెప్పుకోదగ్గ భాగం. అయినా, సంక్రాంతి ముందు వారంలో ఆర్డర్లు వెల్లువెత్తే మిఠాయిల దుకాణానికో, అమెరికాలో పగలైన వేళ, అంటే మన అర్ధరాత్రి, డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ ప్రవాస తెలుగువాళ్లు ఆర్డర్లు పెట్టే పచ్చళ్ల సైట్‌కో ఈ ఖర్చును సమర్థించుకోవచ్చు.

అలర్ట్ ఏ దారిన వస్తుందన్న దాని మీద మన దేశంలో ప్రత్యేకంగా ఆలోచించాలి. విదేశీ సేవలు ఎస్సెమ్మెస్‌ను గొప్ప సౌకర్యంగా చూపిస్తాయి. మన దగ్గర వ్యాపార సందేశం పంపాలంటే పంపేవారి పేరు, సందేశం నమూనా కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే వ్యవస్థలో నమోదై ఉండాలి; విదేశాల నుంచి వచ్చేవి వేరే మార్గంలో రావాలి. ఒక సేవ పంపిన ఎస్సెమ్మెస్‌లు సైట్ తిరిగి లేచాక చేరడం, కొన్ని అసలు చేరకపోవడం మేము చూశాం. పైగా వాటిని క్రెడిట్ల లెక్కన కొనాలి. టెలిగ్రామ్‌లో బాట్ (తనంతట తానే సందేశాలు పంపే ఖాతా) పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా క్షణాల్లో సందేశం చేరుతుంది, కాకపోతే అది నిద్ర లేపదు. ఫోన్ కాల్‌కు ఒక వెసులుబాటు ఉంది: డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నా, అదే నంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే ఏర్పాటు ఉంటుంది. సేవ వాడే నంబరును కాంటాక్టుల్లో ఫేవరెట్‌గా పెట్టుకుంటే మొదటి కాల్‌కే మోగుతుంది. ఈమెయిల్ అలర్ట్ పెట్టుకునేవారు ఒక్కటి చూసుకోవాలి: మానిటర్ చేస్తున్న డొమైన్ మీదే ఆ మెయిల్ ఉండకూడదు. డొమైన్ గడువు తీరిపోతే సైట్‌తో పాటు మెయిల్‌బాక్సూ పోతుంది, అలర్ట్ వెళ్లి గోడకు తగులుతుంది.

ఇక ఉత్తుత్తి అలర్టుల సంగతి. సైట్ బాగానే ఉన్నా, చూసే సర్వర్‌కూ మన సర్వర్‌కూ మధ్య దారిలో ఎక్కడో నెట్‌వర్క్ తడబడితే డౌన్ అని మోగుతుంది. రాత్రి రెండుసార్లు ఇలా లేపితే మూడోసారి ఎవరూ లేవరు. అందుకే ఒక చోట విఫలమైతే మరో రెండు మూడు చోట్ల నుంచి నిర్ధారించుకున్నాకే అలర్ట్ పంపే సేవనే కొనాలి. ఎక్కడి నుంచి చూస్తుందన్నదీ ముఖ్యమే. అమెజాన్ క్లౌడ్‌వారి సైట్ నిఘా సేవ రూట్ 53 హెల్త్ చెక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అమెజాన్ బయట ఉన్న సైట్‌కు నెలకు 75 సెంట్లతో మొదలవుతుంది, చాలా చౌక అనిపిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ కావాలంటే 2 డాలర్లు, పేజీలో ఫలానా మాట ఉందో లేదో చూడాలంటే మరో 2 డాలర్లు, 30 సెకన్లకు బదులు 10 సెకన్లకోసారి చూడాలంటే ఇంకో 2 డాలర్లు కలుస్తాయి. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్ల సముదాయాలు ఉన్నా, ఈ హెల్త్ చెక్ మాత్రం సింగపూర్, టోక్యో, సిడ్నీ, ఐర్లండ్, అమెరికా, బ్రెజిల్‌ల నుంచే చూస్తుంది. భారత్ బయటి నుంచి వచ్చే రాకపోకలను ఆపేసిన సైట్‌ను దీనికి అప్పగిస్తే, సైట్ నిక్షేపంగా ఉన్నా రోజంతా డౌన్ అనే చెబుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటి రక్షణ వెనక ఉన్న సైట్లకూ ఇదే చిక్కు: మానిటర్‌ను హానిచేసే బాట్ అనుకుని 403 (ప్రవేశం లేదు) అన్న సంకేతం ఇచ్చి తిప్పి పంపుతుంది. ప్రతి మంచి సేవా తన సర్వర్ల ఐపీ చిరునామాల జాబితాను బహిరంగంగా ఉంచుతుంది. ఫైర్‌వాల్‌లో వాటిని అనుమతించాకే మిగతా పని చూడాలి.

దీనికి సరిగ్గా ఎదురు సమస్య ఇంకా ప్రమాదకరమైంది: సైట్ చచ్చిపడి ఉన్నా మానిటర్ పచ్చగా చూపించడం. ఉత్త హెచ్‌టీటీపీ చెక్ సర్వర్ 200 (అంతా సవ్యం) అన్న సంకేతం ఇచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. డేటాబేస్ తెగిపోయి పేజీలో నాలుగు ముక్కల ఎర్రర్ తప్ప మరేమీ లేకపోయినా, ప్రోగ్రాం సరిగా రాయకపోతే అదే 200 వెళ్తుంది. దీనికి మందు కీవర్డ్ చెక్. పేజీ అడుగున డేటాబేస్ నుంచి వచ్చే మాట ఒకటి, ఉదాహరణకు ఒక పచ్చడి ధర పక్కన ఉండే 'కార్ట్‌లో వేయండి' అన్న బటన్ మాట, ఎంచుకుని, అది కనిపించకపోతే అలర్ట్ పంపమని పెట్టాలి. పేజీ పైభాగంలోని దుకాణం పేరును ఎంచుకుంటే ప్రయోజనం లేదు, అది డేటాబేస్ లేకపోయినా కనిపిస్తుంది. ఏ సేవ కొన్నా ఈ చెక్ ఏ ప్లాన్‌లో ఉందో ముందే చూసుకోండి.

డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవారికి అప్‌టైమ్ కూమా ఉంది. 2021లో విడుదలైన ఈ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను మన సర్వర్‌లో మనమే డాకర్‌తో (ప్రోగ్రాంలను విడివిడిగా నడిపే సాధనం) పెట్టుకోవాలి. పది నిమిషాల పని. మానిటర్లకు పరిమితి లేదు, 20 సెకన్లకోసారి కూడా చూడగలదు, కీవర్డ్ చెక్, సర్టిఫికెట్ (సైట్ భద్రతకు ఆధారపత్రం) గడువు హెచ్చరిక, సైట్ల స్థితిని అందరికీ చూపించే స్టేటస్ పేజీ, టెలిగ్రామ్ సహా పదుల కొద్దీ అలర్ట్ మార్గాలు అన్నీ ఉచితమే. తెర కూడా డబ్బులు తీసుకునే సేవల కన్నా అందంగా ఉంటుంది. మానిటర్ చేర్చేటప్పుడు 'రీట్రైస్' (అలర్ట్ ముందు మళ్లీ ఎన్నిసార్లు చూడాలి) అన్న గడిని సున్నాగా వదిలేయకుండా 2 లేదా 3 పెట్టుకుంటే ఉత్తుత్తి అలర్టులు చాలావరకు తగ్గుతాయి. దీని లోపం ఒక్కటే, అది చిన్నది కాదు: ఒకే చోటి నుంచి చూస్తుంది. సైట్లున్న సర్వర్‌లోనే దీన్నీ పెడితే, ఇంటికి నిప్పంటుకుంటే కబురు చెప్పాల్సిన మనిషిని ఆ ఇంట్లోనే పెట్టి తాళం వేసినట్టవుతుంది. వేరే కంపెనీ దగ్గర చిన్న సర్వర్ తీసుకోవాలి. డిజిటల్ ఓషన్‌లో బెంగళూరు కేంద్రంలోనే నెలకు 4 డాలర్లకు అతి చిన్నది దొరుకుతుంది, కూమాకు అది సరిపోతుంది. ఆ సర్వరే పడిపోతే ఎలా అన్న ప్రశ్నకు జవాబు ఏదో ఒక బయటి సేవలో ఒకే ఒక్క మానిటర్ పెట్టి, దాన్ని కూమా మీద నిఘాకు వదలడం.

సైట్ నడుస్తున్నా వెనక పని ఆగిపోయే సందర్భాలకు ఇవేవీ అక్కరకు రావు. రాత్రి బ్యాకప్, డయాగ్నస్టిక్ కేంద్రంలో రిపోర్టులు పంపే క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు తానే నడిచే పని), ట్రావెల్స్ సీట్ల లెక్క సరిచేసే స్క్రిప్ట్ వంటివి ఆగితే పైకి ఏమీ తెలియదు. హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ ఈ పనిని తలకిందులుగా చేస్తుంది: పని పూర్తయిన ప్రతిసారీ మన స్క్రిప్టే దానికి ఒక పిలుపు పంపాలి, గడువు లోపల పిలుపు రాకపోతే అది అలర్ట్ ఇస్తుంది. స్క్రిప్ట్ చివర ఆ పిలుపు పంపే ఒక్క కర్ల్ ఆదేశం చేర్చితే చాలు. 20 పనుల దాకా ఉచితం, 100 పనులకు నెలకు 20 డాలర్లు. ఈ సమీక్షలో చెప్పినవాటిలో ధరకు తగ్గ విలువ ఎక్కువగా ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

సర్టిఫికెట్ గడువు హెచ్చరికను ఇదివరకు అదనపు సొగసుగా చూసేవాళ్లం, ఇప్పుడది తప్పనిసరి. 90 రోజుల ఉచిత సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో గడువు హెచ్చరిక మెయిళ్లు పంపడం మానేసింది. డబ్బు పెట్టి కొనే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును కూడా 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి నుంచి 100 రోజులకు, 2029 మార్చి నుంచి 47 రోజులకు తగ్గించాలని బ్రౌజర్లు, సర్టిఫికెట్ సంస్థల ఉమ్మడి వేదిక 2025లో తీర్మానించింది. ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని మార్చుకునే రోజులు పోయాయి కాబట్టి, ఈ హెచ్చరికను పై ప్లాన్‌కు నెట్టి వేరుగా డబ్బు అడిగే సేవను పక్కన పెట్టడమే మేలు.

స్టేటస్ పేజీ విషయంలో చూడాల్సింది అది ఎక్కడ ఉంటుందన్నదే. 2025 నవంబరు 18న మన సాయంత్రం 5 గంటలు కావస్తుండగా క్లౌడ్‌ఫ్లేర్ తడబడినప్పుడు, దాని వెనకున్న ఎన్నో సైట్లు 500 ఎర్రర్లు (సర్వర్ లోపం) చూపించాయి. స్టేటస్ పేజీని కూడా అదే క్లౌడ్‌ఫ్లేర్ వెనక పెట్టుకున్నవారు తమ వినియోగదారులకు ఒక్క ముక్క చెప్పలేకపోయారు. అలాంటి రోజున మనం చేయగలిగిందేమీ ఉండదు. కనీసం తప్పు మనది కాదని యజమానులకు చూపించే పేజీ ఒకటి వేరే చోట ఉంటే ఫోన్లు తగ్గుతాయి.

చివరిగా చెల్లింపు. డాలర్లలో చూపించే ధర మనకు పడే ధర కాదు. 8 డాలర్ల ప్లాన్‌కు 18 శాతం జీఎస్టీ, కార్డు మీద బ్యాంకు వేసుకునే విదేశీ లావాదేవీ రుసుము కలిపితే 800 రూపాయలు దాటుతుంది. జీఎస్టీ నమోదు ఉన్న సంస్థలు నంబరు ఇస్తే సేవ తరఫున పన్ను వేయరు, రివర్స్ చార్జి కింద మనమే కట్టి క్రెడిట్ తీసుకోవాలి. అంతకన్నా పెద్ద చిక్కు ఆటో డెబిట్. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద పదేపదే జరిగే చెల్లింపులకు ముందుగా మాండేట్ (మన అనుమతి) నమోదు చేయాలి. చాలా విదేశీ సేవలు ఆ ఏర్పాటు చేసుకోలేదు. ఫలితంగా రెండో నెల చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది, ఖాతా ఉచిత ప్లాన్‌కు జారిపోతుంది, మనకు ఒక మెయిల్ వస్తుంది, అది ప్రమోషన్ల ఫోల్డర్‌లో పడుతుంది. అందుకే ఏడాదికి ఒకేసారి కట్టే ప్లాన్ తీసుకుని తేదీని క్యాలెండర్‌లో వేసుకోవాలి. దాదాపు అన్ని సేవలూ అలా కడితే తగ్గింపు కూడా ఇస్తాయి.

ఇప్పుడు మా దగ్గర నడుస్తున్న ఏర్పాటు ఇది: బెంగళూరు సర్వర్‌లో కూమా అన్ని సైట్లనూ కీవర్డ్‌తో సహా చూస్తుంది, టెలిగ్రామ్ గ్రూపుకు చెబుతుంది. రాత్రి ఆర్డర్లు వచ్చే సైట్లను మాత్రం బెటర్ స్టాక్‌లో ఒక్క మనిషి లెక్కన డబ్బు కట్టి పెట్టాం. ఆ ఖాతాలోనే కూమా మీద ఒక మానిటర్ ఉంది. బ్యాకప్‌లు హెల్త్‌చెక్స్‌లో ఉచిత కోటాలో సరిపోతున్నాయి. రాత్రి ఫోన్ సౌకర్యం కావాలనుకునే యజమానుల నుంచి ఆ ఖర్చును నిర్వహణ బిల్లులో విడి పద్దుగా వేసి తీసుకుంటున్నాం. వద్దన్నవారికి సైట్ రాత్రి ఆగితే పొద్దున ఎనిమిదింటికి చూస్తామని ఒప్పందంలోనే రాసి సంతకం చేయించుకుంటున్నాం. కొత్త సేవ ఏదైనా ట్రయల్‌కు తీసుకున్న మొదటి రాత్రే, ఎవరికీ చెప్పకుండా ఒక పరీక్ష సైట్‌ను ఆపి, ఎవరి ఫోన్ ఎన్ని నిమిషాలకు మోగిందో చూసుకుని, ఆ తర్వాతే కార్డు వివరాలు ఇస్తున్నాం.